పరాయివాళ్ళ గుర్రం

కొత్త ఇంటి వంటగదిలో ఆమెకు బాగా నచ్చింది కిటికీ. గిన్నెలు కడుగుతూ నిలబడితే మూడో అంతస్తు నుంచి వెనక సందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా కనబడేది. నాలుగు నెలలు గడిచేసరికి అసలు నచ్చనిది కూడా ఆ కిటికీయే అయి కూర్చుంది. అందులోంచి చూస్తే లాండ్రీ వెనక రేకుల షెడ్డు, దాని ముందు నీళ్ళ తొట్టి, తొట్టి దగ్గర నిలబడ్డ ముసలి గుర్రం, ఆ గుర్రం కాళ్ళు కనబడతాయి మరి.

ఆమె గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి కూతురు. కాలేజీలో చదివింది చరిత్ర, చేసుకున్నది గడియారాలు బాగుచేసే ఆయనను. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు దాటింది. అయినా గుర్రం ఎదురైతే చాలు, చూపు తిన్నగా డెక్కల మీదికి దిగుతుంది. కొందరు ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీ ఊచల మీద దుమ్మే చూస్తారు, అదీ అలాంటి జబ్బే.

ఆ ఆడగుర్రాన్ని సందులో అందరూ దొరసాని అంటారు. పదహారేళ్ళు బగ్గీ లాగి, ఏడాదిన్నరగా షెడ్డులో మెత్తటి రంపపు పొట్టు మీద విశ్రాంతిగా ఉంటోంది. దాని ఒంటికి వంక పెట్టడానికి లేదు. రోజూ రెండుపూటలా బ్రష్షు పడుతుంది, జూలులో ఒక్క చిక్కు ఉండదు. డెక్కలు మాత్రం పెరిగి పెరిగి, మొన తిరిగిన జోళ్ళలా పైకి లేచాయి. చుట్టూ ఉంగరాలు పేర్చినట్టు గీతలు. కుడి ముందుకాలి డెక్క ఒక పక్క నిలువునా చిట్లింది. తొట్టి దగ్గరికి నడిచి వచ్చేటప్పుడు అది ముందు మడమ ఆనించి, ఆ తర్వాత జాగ్రత్తగా మిగతా కాలు దించేది, తడి నేల మీద చెప్పుల్లేకుండా నడిచే మనిషిలాగా. నిలబడ్డా కుదురు లేదు. బరువు ఈ కాలు మీంచి ఆ కాలు మీదికి, ఆ కాలు మీంచి ఈ కాలు మీదికి.

"ఏమండీ, ఇవాళ ఇంకా ఎక్కువగా కుంటుతోంది," అనేది ఆమె రాత్రి కంచాలు పెడుతూ.

"నేను రోజంతా దుకాణంలో కూర్చుంటానా," అనేవాడు భర్త, "దారినపోయేవాళ్ళ చేతి గడియారాలు కనబడుతూనే ఉంటాయి. ఒకటి పది నిమిషాలు వెనక, ఒకటి ఆగిపోయి వారం. వెంటపడి చెప్తానా? తన్ని తగలేస్తారు."

"గడియారానికి నొప్పి పుట్టదుగా."

"దాన్ని పెట్టుకున్నవాడికి పుడుతుందిలే, బస్సు తప్పిపోయాక."

అక్కడితో ఆ మాట నవ్వులో కలిసిపోయేది. గుర్రం పరాయివాళ్ళది. దాని యజమాని బగ్గీ నడిపిన ముసలాయన, ఆమె తండ్రికి పాత స్నేహితుడు. చిన్నప్పటి నుంచి ఆయన ఆమెకు బండి బాబాయి. మాట పడే మనిషి కాదు. ఒకసారి ఎవరో దొరసాని బక్కచిక్కిందన్నందుకు మూడేళ్ళు మాట్లాడటం మానేశాడని సందంతా చెప్పుకుంటారు. ఆమె కూడా కిటికీ దగ్గర నొచ్చుకోవడం, తెర లాగేయడం, మళ్ళీ తెరవడం, ఇంతవరకే.

శుక్రవారం సాయంత్రం భర్త ఇంటికి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"మీ బండి బాబాయి దుకాణానికి వచ్చాడు. గడియారం నిమిషం తేడా లేకుండా సరిచెయ్యమన్నాడు."

"దేనికట?"

"సోమవారం తొమ్మిదింటికి పశువుల డాక్టరు వస్తాడట. దొరసానికి ఇంజెక్షన్." ఆయన కాస్త ఆగాడు. "బాగుచేసే ఇంజెక్షన్ కాదు."

ఆమె గరిటె పక్కన పెట్టి పొయ్యి ఆపేసింది.

"ఫోన్‌లో మాట్లాడాడట. ముసలిది, నడవలేకపోతోంది, రెండు నెలలుగా పడుకోవడం లేదు, నిలబడే కునుకు తీస్తోంది, ఇదీ ముసలాయన చెప్పింది. పడుకుంటే మళ్ళీ లేవలేనని దానికి తెలుసు, అందుకే పడుకోదు, అలా హింసపడేకంటే పంపించేయడమే దయ అన్నాడట డాక్టరు. ముసలాయన నా బల్ల మీద మోచేతులు ఆనించి, ముల్లు తిరుగుతుంటే అలా చూస్తూ నిలబడ్డాడు."

మర్నాడు పొద్దున్నే ఆమె అన్నయ్య పనిశాలకు వెళ్ళింది. తండ్రి పోయాక కొలిమి, దాగలి, తోలు ఏప్రాను అన్నీ అతనివే. ఎవరిదో నల్లగుర్రం కాలు రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఆకురాయితో డెక్క అంచు రాస్తున్నాడు. వేడి నాడా ఆనించిన చోట కాలిన డెక్క వాసన. ఆ వాసనకే ఆమెకు సగం ధైర్యం వచ్చింది.

విషయమంతా చెప్పింది. అతను ఆకురాయి ఆపలేదు.

"నాన్న మనకి నేర్పిన మొదటి మాటేంటే?"

"పిలవందే కాలు పట్టకూడదు."

"రెండోది?"

"పట్టనా అని అడగనూ కూడదు."

"మరి?"

"అన్నయ్యా, సోమవారం దాన్ని చంపేస్తున్నారు."

ఆకురాయి ఆగింది. నల్లగుర్రం మెడ తిప్పి ఏమైందన్నట్టు చూసింది.

"నాన్న పోయాక బాబాయి నన్ను పిలవలేదు," అన్నాడు అతను మెల్లగా. "అంటే ఇంకెవరినో పెట్టుకున్నాడన్నమాట. ఇంకొకడు చూసే గుర్రానికి డెక్కలు బాగాలేవని నేనంటే, వాడి పొట్ట మీద కొట్టినట్టు కాదూ? ఈ పనిలో ఉన్నవాడెవడూ అనడు."

"ఎవరిని పెట్టుకున్నాడు? నువ్వు చూశావా?"

"నేనెందుకు చూస్తాను?"

"ఎవరూ లేకపోతే?"

"లేకపోతే పిలుస్తాడు. పిలిస్తే అన్నం ముందు నుంచి లేచి వస్తా. పిలవకుండా రాను బుజ్జీ. నన్ను అడగొద్దు."

"అయితే నీ నియమాన్ని నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు," అని విసురుగా బయటికి వచ్చేసింది.

నాలుగు అడుగులు వేశాక కోపం తగ్గి ఆలోచన మొదలైంది. పిలవందే కాలు పట్టకూడదన్నది నాడాలు కొట్టేవాళ్ళ నియమం. ఆమె జన్మలో సుత్తి పట్టలేదు. తండ్రి పని చేస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని చూసింది, అంతే. మరి ఆ నియమం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది?

నాలుగు నెలలుగా ఆమె నోరు నొక్కింది నియమం కాదు, ముసలాయన కోపమూ కాదు. ఆ సంగతి నడుస్తుంటే తెలిసొచ్చింది. డెక్క అలా వదిలేస్తే ఒక్కోసారి లోపలి ఎముక తిరిగి కిందికి దిగిపోతుంది. అలా దిగితే ఎవరూ చేయగలిగింది లేదు. అప్పుడు డెక్కల మాట ఎత్తితే గుర్రం ఎలాగూ పోతుంది, ముసలాయనకు మాత్రం నా నిర్లక్ష్యమే దాన్ని తినేసిందన్న బాధ బతికినంతకాలం మిగులుతుంది. అందుకు భయపడింది. ఇప్పుడూ ఆ భయం పోలేదు. కానీ సోమవారం రెండే రోజుల్లో ఉంది.

షెడ్డులో బండి బాబాయి బకెట్ బోర్లించి కూర్చుని దొరసాని తోక దువ్వుతున్నాడు. ఒక్కో వెంట్రుక విడదీసి, ఎక్కడికో పెళ్ళికి పంపుతున్నట్టుగా.

"రామ్మా. చూడటానికి వచ్చావా? చూడు, చూడు."

"బాబాయ్, ఒక్కసారి దీని కాలు ముట్టుకోనా?"

"నువ్వు చిన్నప్పుడు దీని కడుపు కింద నుంచి దూరేదానివి. ఇప్పుడు అడుగుతున్నావేంటి?"

"దీని కింద కాదు, దీనికి ముందున్న తెల్లదాని కింద," అంది ఆమె, మోకాళ్ళ మీద కూర్చుంటూ.

తండ్రి చెప్పినట్టు ముందు అరచేయి డెక్క మీద పరిచింది. ఎముక చెడుతుంటే డెక్క వేడెక్కుతుంది. పక్కనున్న ఇనుప బకెట్‌ని తాకింది, మళ్ళీ డెక్కని తాకింది. రెండూ ఒక్కలాగే చల్లగా ఉన్నాయి. చీలమండ వెనక రెండు వేళ్ళు పెట్టి నాడి వెతికింది. దొరకలేదు. దొరక్కపోవడమే మంచిది. గట్టిగా కొట్టుకుంటుంటే వెతక్కుండానే తెలుస్తుంది. కాలెత్తి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పొట్టు వాసనే తప్ప కుళ్ళు లేదు. కాలు మెల్లగా కిందికి దించింది.

"బాబాయ్, దీనికి పెరిగిన డెక్క ఆఖరిసారి ఎప్పుడు తీయించారు?"

"మీ నాన్న చేత్తో తీసిందే."

"నాన్న పోయి ఏడాదిన్నర అయింది."

"అవును. ఆఖరిసారి వచ్చినప్పుడు నాడాలు ఊడదీశాడు. పని మానేసిందిగా, ఇక ఇనుము ఎందుకన్నాడు. నలభై ఏళ్ళలో నేను ఆయన్ని ఒక్కసారి పిలిచింది లేదమ్మా. ఆరు వారాలకోసారి ఆయనే వచ్చేవాడు, చేసేవాడు, టీ తాగి పోయేవాడు."

"మరి ఆ తర్వాత?"

"ఆ తర్వాత అవసరం పడలేదు." ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "మీ అన్న రోజూ ఈ దారినే పోతాడుగా. తేడా ఏదైనా ఉంటే అనడూ? ఆ తండ్రికి పుట్టినవాడు. ఏడాదిన్నరగా ఒక్క మాట అనలేదు. నేనూ అనుకున్నాను, చూశావా, విశ్రాంతిలో ఉన్న గుర్రానికి డెక్కలు కూడా బుద్ధిగా ఉంటాయని."

ఆమెకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేలక దగ్గు వచ్చింది.

"బాబాయ్, అన్నయ్య చెప్పడు. మీరు పిలిస్తేగాని చెప్పడు. మీరు ఇంకెవరినో పెట్టుకున్నారనుకుంటున్నాడు."

"ఇంకెవరినో పెట్టుకోవడానికి నాకేమైనా మతిపోయిందా? రోజూ ఎదురుగా పోతూ, చూస్తూ, చెప్పడా? అదేం మర్యాదమ్మా! నా ఒంటికి నిప్పంటుకున్నా పిలిస్తేగాని నీళ్ళు పోయడా?"

"పనిశాలలో నేర్పిన మర్యాద అది. పిలవందే కాలు పట్టకూడదని."

"మీ నాన్న పిలవకుండానే వచ్చేవాడుగా!"

"మీరు ఎప్పుడో నలభై ఏళ్ళ కింద మొదటిసారి పిలిచే ఉంటారు. ఆ పిలుపు మీదే అన్నాళ్ళూ వచ్చాడు. ఆ పిలుపు నాన్నది. అన్నయ్యది కాదు."

దువ్వెన ఆయన చేతిలో ఆగిపోయింది. గుర్రం కాళ్ళకేసి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ప్రతిరోజూ చూసే మొహంలో ముసలితనం కనబడనట్టే, రోజుకింత పెరిగిన డెక్క ఆయనకు కనబడలేదు.

"అంటే... దీనికి కాళ్ళ నొప్పా? ముసలితనం కాదా?"

"ముసలితనమూ ఉంది. దానికి మందు లేదు. డెక్కలకి ఉంది. లోపల ఎలా ఉందో అన్నయ్య చూస్తేగాని తెలియదు. బాగుంటుందని నేను మాట ఇవ్వలేను బాబాయ్."

"నా చేతులారా..." అన్నాడాయన, మాట సగంలో తెగిపోయింది.

"మీరొక్కరే కాదు. మీరు పిలవలేదు, అన్నయ్య చెప్పలేదు, నేను నాలుగు నెలలు కిటికీలోంచి చూస్తూ కూరలు తరుక్కున్నాను. ముగ్గురం కలిసి వెలగబెట్టిన ఘనకార్యం ఇది. ఇప్పుడు ఏడుస్తూ కూర్చుంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. ఫోన్ చేస్తారా?"

"ఫోన్ ఎందుకు? అయిదింటికి ఇటే పోతాడు. మొహం మీదే పిలుస్తాను," అన్నాడు ముసలాయన పళ్ళు బిగించి.

అయిదయ్యేసరికి ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. ఆయన సరిచేయించుకున్న గడియారాన్ని నిమిషానికోసారి చూసుకుంటున్నాడు. అన్నయ్య భుజాన పనిసంచితో సందు మలుపు తిరిగాడు. షెడ్డు దగ్గరికి వస్తూనే తల ఎదురు గోడ వైపు తిప్పేసి, అడుగు వేగం పెంచాడు.

"ఒరేయ్!" అని అరిచాడు బండి బాబాయి. "ఒకసారి ఇటు వచ్చి మా దొరసాని కాలు పట్టి చూడరా!"

అన్నయ్య ఠక్కున ఆగాడు. ఇటు తిరిగాడు. వీధి దాటి గేటులోకి అడుగుపెట్టేసరికే సంచిలోంచి తోలు ఏప్రాను తీసి నడుముకు కట్టేసుకున్నాడు.

"ఏడాదిన్నర పట్టింది బాబాయ్, ఆ మాట అనడానికి."

"నీ నోరు ఎవరు కుట్టేశారురా అన్నాళ్ళూ?"

"నాన్న," అన్నాడు అతను. అని, దొరసాని మెడ నిమురుతూ, తల వంచుకునే చెప్పాడు, "ఈ సందు దాటేటప్పుడు అటు చూడలేక ఎదురు గోడ మీద పోస్టర్లు చదువుతూ పోయేవాణ్ణి. ఏడాదిన్నరగా వచ్చిన ప్రతి సినిమా పేరూ నాకు కంఠతా వచ్చు. ఒక్కటీ చూడలేదు."

సంచి దించి ముందు ఎడమకాలు ఎత్తి, వంపు కత్తితో అరికాలి మీద పేరుకున్న చచ్చిన పొర గీసి చూశాడు. పెద్ద పటకారుతో డెక్క చుట్టూ అంగుళం అంగుళం నొక్కుతూ వచ్చాడు. నొప్పి ఉన్న చోట నొక్కితే గుర్రం కాలు లాక్కుంటుంది. దొరసాని లాక్కోలేదు. ఆమె ఆ పటకారు మీంచి చూపు తిప్పలేదు. కుడికాలు ఎత్తాడు. చిట్లిన చోటికి వచ్చేసరికి కాలు ఒక్క కుదుపు కుదిపింది. బండి బాబాయి గేటు ఊచ పట్టుకున్నాడు. అన్నయ్య మళ్ళీ నొక్కాడు, పక్కన నొక్కాడు, గీశాడు, వెలుతురు పడేలా తిప్పి చూశాడు. ఎంతసేపు చూశాడో.

"చీలిక పైపైనే. గీరుకుంది, అంతే," అన్నాడు చివరికి. "ఎముక దిగలేదు."

"మళ్ళీ చెప్పు," అంది ఆమె.

"ఎముక దిగలేదే. అరికాలు కిందికి ఉబ్బలేదు. అదృష్టం, మెత్తటి పొట్టు మీద నిలబడింది. ఇది పొడుగు జోళ్ళు వేసుకుని నడుస్తోంది, అంతే. పొడుగు జోళ్ళతో నువ్వైనా కుంటుతావు."

ముసలాయన ముక్కు చీదుకోవడానికి షెడ్డు వెనక్కి వెళ్ళి, చాలాసేపటికి వచ్చాడు.

కోత పటకారు పడినప్పుడల్లా పెరిగిన డెక్క ముక్కలు పుచ్చకాయ చెక్కల్లా రాలాయి. ఆమె ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టింది. నాలుగు కాళ్ళూ అయ్యేసరికి గంటన్నర పట్టింది. ఇంకా చాలా పొడుగు మిగిలే ఉంది. అదేమిటని ముసలాయన అడిగితే, ఒక్కరోజే అంతా తీసేస్తే కాళ్ళ నరాలు పట్టేస్తాయని, నాలుగు వారాలకోసారి కొంచెం కొంచెం తీస్తానని, మూడు నాలుగు సార్లకు మామూలు రూపు వస్తుందని చెప్పాడు అన్నయ్య.

"సోమవారం డాక్టరు..." అన్నాడు ముసలాయన.

"రేపంతా చూడండి. అది పడుకోవాలి, పడుకుని తనంతట తను లేవాలి. లేస్తే ఆయన్ని రావద్దనండి. లేవకపోతే..." అన్నయ్య ఏప్రాను విప్పుకున్నాడు. "లేవకపోతే నాకు ఇంకేమీ తెలియదు బాబాయ్. డాక్టరు చెప్పిందే నిజమవుతుంది."

ఆదివారం పొద్దుటి నుంచి ఆమె కిటికీ వదల్లేదు. దొరసాని తొట్టి దగ్గరికి వచ్చింది, నీళ్ళు తాగింది. అడుగు కాస్త పొట్టిగా పడుతోంది గాని మడమ మీద వాలడం తగ్గింది. నిలబడింది. మధ్యాహ్నమైనా నిలబడే ఉంది. "అలా గుడ్లప్పగించి చూస్తే ఎవరికైనా నిద్ర పడుతుందా?" అన్నాడు భర్త. అంటూనే ఆయనా వచ్చి పక్కన నిలబడ్డాడు.

మూడింటికి ఆమె ఆలుగడ్డల తొక్క తీస్తూ ఒక్క నిమిషం పొయ్యి వైపు తిరిగింది. మళ్ళీ చూసేసరికి తొట్టి దగ్గర గుర్రం లేదు. షెడ్డు వాకిట్లో, నేల మీది పొట్టులో, నాలుగు కాళ్ళూ బారజాపి, మెడ వాల్చి పక్కకి పడి ఉంది. కదలడం లేదు.

మూడు అంతస్తుల మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. వీధి దాటి, గేటు తోసి, "బాబాయ్!" అని అరవబోయింది. బోర్లించిన బకెట్ మీద కూర్చున్న ముసలాయన వేలు పెదవుల మీద పెట్టుకుని కళ్ళెర్రజేశాడు.

"అరవకు. నిద్రపోతోంది."

అప్పుడు వినబడింది గురక. లోతుగా, తాపీగా, మధ్యమధ్యలో ముక్కుపుటాలు అదురుతూ. ఆమె గోడకు ఆనుకుంది.

"కత్తి పట్టుకుని వచ్చావేంటమ్మా?" అన్నాడాయన గుసగుసగా. "రేపటిదాకా ఎందుకు, డాక్టరు పని నువ్వే చేసేద్దామనా?"

చేతిలో ఆలుగడ్డ తొక్కతో సహా కత్తి ఉంది. ఆమె నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన భుజాలు కూడా కదిలాయి. కాసేపటికి నవ్వు పోయి ఇద్దరికీ భయం మిగిలింది. పడుకుంది సరే. లేవాలి కదా.

ముప్పావు గంట గడిచింది. భర్త వచ్చి, చప్పుడు చేయకుండా ఆమె పక్కన నిలబడ్డాడు. నాలుగున్నరకు దొరసాని గురక ఆపింది. తల ఎత్తి, ఈ జనం ఎందుకు చేరారన్నట్టు చుట్టూ చూసింది. పొట్ట మీదికి దొర్లి కూర్చుంది. ఒక ముందుకాలు చాచి నేలకు ఆనించింది. ముసలాయన లేచి నిలబడ్డాడు, సాయం చేయబోయి చేతులు వెనక్కి లాక్కున్నాడు. రెండో ముందుకాలు. ఒక్క క్షణం అలా ఆగింది. వెనక కాళ్ళు బిగించి, మూలిగి, ఒక్క ఊపుతో లేచింది. నాలుగు కాళ్ళ మీదా నిలబడి ఒళ్ళంతా విదిల్చితే రంపపు పొట్టు వాళ్ళ మొహాల మీద పడింది.

ముసలాయన పొట్టు తుడుచుకోలేదు. జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు లేక భర్త చేత నంబర్ నొక్కించుకుని, చెవిలో గట్టిగా ఆనించుకున్నాడు.

"డాక్టర్‌గారూ, నేనండీ, బగ్గీ ఆయన్ని. రేపు మీరు రానక్కర్లేదండీ. ఆఁ... లేదండీ, పోలేదు. బాగానే ఉంది. పడుకుంది. లేచింది." అవతల ఏదో అడిగినట్టున్నారు. ఆయన దొరసాని కేసి చూసి, గొంతు సవరించుకుని, ఈసారి వీధంతా వినబడేలా అన్నాడు. "ఎవరూ లేపలేదండీ. దానంతట అదే లేచింది!"